పాత జర్మన్ పెద్దమనిషి బొమ్మ చేతికొస్తే: ముందు వెనక్కి తిప్పండి

జర్మనీలో ఏ ఊళ్లో ఫ్లోమార్క్ట్‌కి, అంటే పాత సామాన్ల సంతకి వెళ్లినా, ఇత్తడి కొవ్వొత్తి స్టాండ్లకీ అంచులు చిట్లిన పింగాణీ పళ్లేలకీ మధ్య నుంచి ఒక పెద్దమనిషి మనవైపు చూస్తూ కనిపిస్తాడు. ముదురు నీలం కోటు, గడ్డం దాకా చుట్టిన తెల్లటి మెడబట్ట, నుదుటి మీదికి దువ్విన జుట్టు. పక్కన అమ్మేవాళ్లు పెట్టిన చీటీ: "పెద్దమనిషి, నూనె రంగులు, 1820 ప్రాంతం." పేరుండదు.

ఆయనకి పేరుండేది. చిత్రకారుడి ముందు గంటల తరబడి కదలకుండా కూర్చుని వేయించుకున్న బొమ్మ అది. 1806లో జర్మన్ రాజ్యాల్ని కలిపి ఉంచిన పవిత్ర రోమన్ సామ్రాజ్యం అంతమవడం, నెపోలియన్ సైన్యాలు ఊళ్ల మీదుగా వచ్చిపోవడం, 1815లో వియన్నా సమావేశం ముగిసి సరిహద్దులు మళ్లీ గీయడం, ఇవన్నీ కళ్లారా చూసిన తరం. ఆ కల్లోలం సద్దుమణిగాక 1848 దాకా నడిచిన కాలాన్ని జర్మన్లు బీడర్‌మైయర్ అంటారు. రాజులే కాదు, వర్తకులూ వైద్యులూ వకీళ్లూ చర్చి పాస్టర్లూ కూడా బొమ్మ వేయించుకుని ముందుగదిలో పెట్టుకున్నారు. డగేర్ ఫొటో పద్ధతి లోకానికి తెలిసింది 1839లో కాబట్టి, అంతకుముందు ముఖం నిలవాలంటే చిత్రకారుడి దగ్గరికే వెళ్లాలి. అలా ఊరూరా వేలకొద్దీ బొమ్మలు పుట్టాయి. ఇళ్లు మారి, వారసులు పంచుకుని, అమ్ముకునేసరికి బొమ్మలు మిగిలి పేర్లు జారిపోయాయి.

అలాంటి బొమ్మ మీ చేతికొస్తే ఏ పని ముందు చేయాలో, ఏది అసలు చేయకూడదో చెప్తాను. నా చేతుల మీదుగా ఒక పేరు పోయింది కాబట్టి ముందు ఆ సంగతి.

నేను మొదట కొన్న బొమ్మ వెనకాల చెక్కకి ఒక కాగితం అతికించి ఉంది. గోధుమరంగు సిరా, వంకర అక్షరాలు. నాకు చదవడం రాలేదు. ఫ్రేమ్ వదులుగా ఉందని ఒక ఫ్రేమ్ షాపులో ఇచ్చాను. వారం తర్వాత కొత్త చట్రం, వెనక కొత్త అట్టతో నిగనిగలాడుతూ తిరిగొచ్చింది. పాత చట్రం, దానితోపాటు ఆ కాగితం, చెత్తలోకి వెళ్లిపోయాయి. సంతలో ఫోన్‌తో తీసిన ఫొటో ఒక్కటే మిగిలింది. అందులో కాగితం సగం మీద నా చెయ్యి నీడ. నీడ పడని సగంలో చదవగలిగిన మాట "అల్ట్ 42 యార్", అంటే వయసు 42 ఏళ్లు. పేరు నీడలో ఉండిపోయింది.

మొదటి పని: వెనక వైపు చూడటం

ముఖం ఎంత ఆకట్టుకున్నా ముందు వెనక్కి తిప్పండి. తిప్పేముందు ఒక్క నిమిషం టార్చ్‌ని పక్కనుంచి వాల్చి పట్టుకుని రంగు పెచ్చులు లేస్తోందేమో చూడండి. లేస్తుంటే బోర్లా పడుకోబెట్టొద్దు, గోడకి ఆనించి నిలబెట్టే చూడండి. లేకపోతే బల్ల మీద మెత్తటి దుప్పటి పరిచి, ఫ్రేమ్‌ని రెండు పక్కలా పట్టుకుని బోర్లించండి. కాన్వాసుని వేలితో నొక్కకండి. పాత నార గుడ్డ పెళుసుగా ఉంటుంది, వెనక నుంచి వేలు తగిలితే ముందు వైపు గుండ్రంగా పగుళ్లు లేస్తాయి, సాలెగూడులాగా.

ఇప్పుడు ఫొటోలు. మొత్తం వెనక భాగం ఒకటి, నాలుగు మూలలూ విడివిడిగా, ప్రతి చీటీ, ప్రతి ముద్ర, ప్రతి అంకె పక్కన స్కేలు పెట్టి దగ్గరగా. కిటికీ వెలుతురులో ఒకసారి, టార్చ్ పక్కనుంచి వేసి మరోసారి. మీ చెయ్యి నీడ ఎక్కడా పడకుండా చూసుకోండి. ఫొటోలన్నీ అయ్యేదాకా ఏదీ పీకొద్దు, తుడవొద్దు.

గుడ్డ చేనేత నార అయితే పోగులు ఒకచోట లావుగా, ఒకచోట సన్నగా ఉంటాయి. ఆ ఎగుడుదిగుడు మంచి గుర్తు. చట్రానికి, అంటే ఫ్రేమ్ లోపలి చెక్కకి, గుడ్డని బిగించిన మేకులు చూడండి. కమ్మరి సుత్తితో కొట్టిన మేకుల తలలు ఒకదానితో ఒకటి పోలవు. వరుసగా స్టేప్లర్ పిన్నులు కనిపిస్తే 20వ శతాబ్దంలో ఎవరో మళ్లీ బిగించారని అర్థం. దానివల్ల బొమ్మే కొత్తదని తేల్చేయకండి. మూలల్లో చిన్న చెక్క చీలలు దూర్చి ఉండొచ్చు, కాన్వాసు వదులైతే వాటిని తట్టి మళ్లీ బిగిస్తారు. ఊడిపోయిన చీల ఒక్కోసారి కింది చెక్కకీ గుడ్డకీ మధ్య పడి ఉంటుంది, ముందు వైపు చిన్న ఉబ్బులా తెలుస్తుంది.

గుడ్డ వెనక ఇంకో గుడ్డ అతికించి ఉంటే దాన్ని లైనింగ్ అంటారు. బలహీనపడిన కాన్వాసుని నిలబెట్టడానికి జిగురుతోనో, మైనం కలిపిన రెసిన్‌తోనో అలా అతికిస్తారు. అసలు గుడ్డ మీద రాసిన పేరు దాని కింద దాగిపోతుంది. శ్రద్ధ ఉన్న పనివాళ్లు పాత రాతని కొత్త గుడ్డ మీద తిరిగి రాసేవాళ్లు. అలాంటి రాత కనబడితే, రెండోసారి ఎత్తి రాసినది కాబట్టి అక్షరం పొల్లుపోయి ఉండొచ్చని గుర్తుపెట్టుకోండి.

రాత చదవడం

ఇక్కడే చాలామంది ఆగిపోతారు. ఆ కాలపు జర్మన్ల చేతిరాత పేరు కుర్రెంట్. ఇప్పటి జర్మన్లలోనూ ఎక్కువమందికి అది చదవడం రాదు, కాబట్టి మీకు రాకపోతే చిన్నబోకండి. నాలుగైదు అక్షరాల గుట్టు తెలిస్తే దారి దొరుకుతుంది. చిన్న "ఇ" అక్షరం మన కంటికి "ఎన్"లా కనిపిస్తుంది. "యు" మీద చిన్న అర్ధచంద్రం ఉంటుంది, అది లేకపోతే అదే గీత "ఎన్". మాట మధ్యలో వచ్చే "ఎస్" పొడవుగా నిలువు గీతలా దిగుతుంది. ఇంకో ఉపకారం ఏమిటంటే, మిగతా అంతా కుర్రెంట్‌లో రాసినవాళ్లు కూడా మనుషుల పేర్లనీ లాటిన్ మాటల్నీ తరచు మనకి తెలిసిన లాటిన్ లిపిలోనే రాశారు. కాబట్టి చీటీ మొత్తం చదవలేకపోయినా పేరు చదవగలిగే అవకాశం ఉంది.

వెతకాల్సిన మాటలు కొన్నే. "గెమాల్ట్ ఫోన్" అంటే ఫలానావారు వేసినది. "పింక్సిట్" లాటిన్‌లో అదే మాట, "పింక్స్." అని కుదించి రాస్తారు. "గెబ్." తర్వాత తేదీ ఉంటే పుట్టిన రోజు, ఆడవాళ్ల పేరు తర్వాత మరో ఇంటిపేరు ఉంటే పుట్టింటి పేరు. "కోపీర్ట్" అని ఉంటే అది మరో బొమ్మకి నకలు. తండ్రి బొమ్మ ఒక్కటే ఉండి పిల్లలు ముగ్గురైతే మిగతా ఇద్దరికీ నకళ్లు వేయించేవాళ్లు.

తేదీ దగ్గర ఒక ఉచ్చు ఉంది. అంకె 8 పక్కన "బి", "ఆర్" అక్షరాలు చిన్నగా కనిపిస్తే అది ఆగస్టు కాదు, అక్టోబరు. లాటిన్‌లో సెప్టెమ్ ఏడు, ఒక్టో ఎనిమిది, నోవెమ్ తొమ్మిది, డెకెమ్ పది. ఆ లెక్కన 7 అంటే సెప్టెంబరు, 9 నవంబరు, 10 డిసెంబరు. దీన్ని తప్పు చదివి రెండు నెలల ముందటి తేదీ పట్టుకుని, చర్చి రికార్డుల్లో మనిషి దొరకడం లేదని వెనక్కొచ్చినవాళ్లున్నారు.

చీటీ ఎప్పటిదన్నది కూడా చేతిరాతే చెప్తుంది. గుండ్రంగా, నిటారుగా, బడిపిల్లల రాతలా ఉంటే అది జుట్టర్లిన్ లిపి కావచ్చు. 1911లో తయారై, 1915 నుంచి ప్రష్యా అనే జర్మన్ రాజ్యపు బళ్లలో నేర్పించి, 1941లో ఆపేసిన లిపి. అంటే ఆ చీటీ మనవలో మునిమనవలో రాశారు. "మా ముత్తాత" అని రాసి ఉంటే సంతోషించండి, కానీ అది నిజంగా ముత్తాతో, ఆ ముత్తాత అన్నో తేల్చుకునేదాకా పేరు ఖాయం చేయకండి.

ఇప్పుడు ముఖం వైపు

వెలుతురు మూడు రకాలుగా వేయండి. ముందు మామూలు పగటి వెలుతురులో తీరిగ్గా చూడండి. పసుపెక్కిన వార్నిష్ కింద తెల్ల మెడబట్ట తేనె రంగులోకీ, నీలం కోటు నలుపులోకీ తిరిగి ఉంటాయి. ఆ నీలం చాలావరకు ప్రష్యన్ బ్లూ, 18వ శతాబ్దం మొదట్లో బెర్లిన్‌లోనే పుట్టిన రంగు. తర్వాత కోటు గుండీ ఒకటి ఎంచుకుని భూతద్దం పెట్టండి. నా దగ్గరున్న ఒక బొమ్మలో దూరం నుంచి ఇత్తడి గుండీ అచ్చం ఇత్తడిలా మెరుస్తుంది. దగ్గరికెళితే మూడే ముక్కలు: గోధుమరంగు గుండ్రం, దాని మీద పసుపు చంద్రవంక, ఎడమ పైభాగాన కుంచె మొన ఆనించి ఎత్తేసిన తెల్ల చుక్క. ఆ చుక్క ఇప్పటికీ గోరుకి తగిలేంత ఎత్తుగా ఉంటుంది, తాకకూడదు గానీ టార్చ్ వాలిస్తే దాని నీడ పడుతుంది. బొమ్మ అంతటా మెరుపంతా ఒకే వైపు, సాధారణంగా ఎడమ కిటికీ వైపు, పడి ఉండాలి.

ఇక్కడే ఓలియోగ్రాఫ్‌ని కూడా పట్టేయొచ్చు. అచ్చులో ముద్రించి, కాన్వాసు గరుకుని పైన ఒత్తి, వార్నిష్ పూసిన బొమ్మ అది. మన ఇళ్లలో తాతల కాలం నుంచి వేలాడిన రవివర్మ ప్రెస్ లక్ష్మీ సరస్వతుల పటాలు ఆ జాతివే. 1894లో పెట్టిన ఆ ప్రెస్‌ని తర్వాత కొని నడిపిన ఫ్రిట్జ్ ష్లైషర్ కూడా జర్మనే. భూతద్దంలో రంగు చుక్కలు చుక్కలుగా విడిపోయినా, పైన కనిపించే గరుకు కింది గీతలతో కలవకపోయినా అది అచ్చు బొమ్మ.

రెండోది వాలు వెలుతురు. గది చీకటి చేసి టార్చ్‌ని గోడకి దాదాపు ఆనించినట్టు పక్కనుంచి వేయండి. పగుళ్లు చూడండి. వయసు వల్ల వచ్చినవి సన్నగా వలలా అల్లుకుని, చట్రం చెక్క అంచు వెంబడి ఒక గీతలా నడుస్తాయి. నల్లటి నేపథ్యంలో మాత్రం నల్లరేగడి చేను వేసవిలో నెర్రెలు విచ్చినట్టు వెడల్పాటి పగుళ్లు కనిపిస్తే అది తారు జాతి రంగు, బిట్యుమెన్. లోతైన గోధుమ నలుపు కోసం ఆ కాలపు చిత్రకారులు వాడారు, అది సరిగా ఆరదు, పైపొరని లాగి చీల్చేస్తుంది. దీన్ని ఇంట్లో ఎవరూ బాగుచేయలేరు, ఉన్నదున్నట్టు ఉంచాలి.

మూడోది అల్ట్రావయొలెట్ టార్చ్, 365 నానోమీటర్లది. కళ్లకి రక్షణ అద్దాలు పెట్టుకోండి, నేరుగా దాన్ని చూడకండి, చీకటిలో కళ్లు అలవాటు పడేదాకా ఆగండి. పాత చెట్టుబంక వార్నిష్ లేత ఆకుపచ్చ పొగమంచులా వెలుగుతుంది. తర్వాతివాళ్లు దిద్దిన చోట్లు నల్ల మచ్చలుగా తేలతాయి. చెంప మీద ఒకటి రెండు మచ్చలుంటే ఫరవాలేదు. ముఖమంతా నల్లబడితే మీరు చూస్తున్నది అసలు చిత్రకారుడి చేతిని కాదు. సంతకం మీద కూడా వేసి చూడండి. సంతకం వార్నిష్ పైన తేలినా, దాని సిరా పగుళ్లలోకి దిగి ఉన్నా, బొమ్మ పగిలాక ఎవరో పెట్టిన సంతకం అది.

బట్టల్ని బట్టి సంవత్సరం

పౌడరు వేసిన జుట్టు వెనక రిబ్బనుతో కట్టి ఉంటే 1800కి ముందువైపు ఆలోచించండి. పొట్టి జుట్టు ముందుకి దువ్వి, మెడబట్ట గడ్డం తాకుతూ, చొక్కా ముందు కుచ్చులుంటే 1800 నుంచి 1815. చొక్కా కాలరు కొనలు బుగ్గల్ని పొడుస్తున్నట్టు పైకి లేస్తే ఆ తర్వాతి రెండు మూడు దశకాలు. ఆ కాలరుకి జర్మన్లు పెట్టిన పేరు ఫాటర్‌మోర్డర్, అంటే తండ్రిని చంపేది. భుజం దగ్గర చేతులు ఉబ్బి, నడుము బిగుతై, తెల్ల మెడబట్ట స్థానంలో నల్లది వస్తే 1825 నుంచి 1835 మధ్య.

ఒక మినహాయింపు చాలా ముఖ్యం. మెడబట్టే లేకుండా వెడల్పాటి తెల్ల కాలరు తెరిచి, పొడుగు జుట్టు వదిలిన యువకుడు కనిపిస్తే అది నిర్లక్ష్యం అనుకోకండి. దాన్ని పాత జర్మన్ వేషం అనేవాళ్లు. నెపోలియన్ మీద యుద్ధం తర్వాత జర్మనీ ఒకటి కావాలని కోరిన విద్యార్థులూ కళాకారులూ వేసుకున్నారు. 1819లో విద్యార్థి సంఘాల్నీ పత్రికల్నీ అణచే కార్ల్స్‌బాడ్ ఆంక్షలు వచ్చాక అది అధికారుల కంట్లో నలుసైంది. ఆ కాలరుతో బొమ్మ వేయించుకోవడమే ఒక మాట చెప్పడం.

కోటు మీద నల్ల శిలువ, దానికి వెండి అంచు ఉంటే 1813 మార్చి 10న ప్రష్యా రాజు మూడో ఫ్రీడ్రిష్ విల్‌హెల్మ్ స్థాపించిన ఐరన్ క్రాస్ కావచ్చు. అప్పుడు బొమ్మ అంతకుముందుది అయ్యే వీల్లేదు, పతకాన్ని తర్వాత చేర్చి గీస్తే తప్ప. అల్ట్రావయొలెట్ టార్చ్‌తో ముందు ఆ పతకం చుట్టూ చూడండి. ఇంకో మాట: వయసు మళ్లినవాళ్లు తమ యవ్వనపు ఫ్యాషన్ వదలరు. డెబ్బై ఏళ్లాయన బట్టల్ని బట్టి బొమ్మకి ఏడు వేస్తే పది పదిహేనేళ్లు వెనక్కి పోతారు.

చేతులు కనిపిస్తే అదృష్టం, ఎందుకంటే చేతిలో ఉన్నది మాట్లాడుతుంది. చిత్రకారుడు యోజెఫ్ కార్ల్ స్టీలర్ 1820లో వేసిన సంగీతకర్త బేతోవెన్ చేతిలో మిస్సా సోలెమ్నిస్ అనే ఆయన సంగీత రచన రాతప్రతి ఉంది. అదే స్టీలర్ 1828లో వేసిన కవి గోథే చేతిలో బవేరియా రాజు మొదటి లూడ్విగ్ కవిత ఉన్న కాగితం ఉంది. మీ పెద్దమనిషి చేతిలో మడిచిన ఉత్తరముంటే దాని మీద చిరునామా రాసి ఉందేమో భూతద్దంతో వెతకండి. వేలికి ముద్ర ఉంగరం ఉంటే అందులోని గుర్తు కుటుంబ చిహ్నం కావచ్చు.

చిత్రకారుడెవరు

ఈ ప్రశ్న మీద నేను ఎక్కువ సమయం పెట్టను, మీరూ పెట్టకండి. అమ్మేవాళ్లు మాత్రం పెద్ద పేర్లు చెప్తారు. వేలంపాట మాటల్లో "సిగ్నీర్ట్" అంటే సంతకం ఉంది, "బెట్సైష్నెట్" అంటే పేరు రాసి ఉంది, ఎవరు రాశారో తెలియదు. "ట్సూగెష్రీబెన్" అంటే ఫలానావారిదని ఊహ. "ఉమ్‌క్రైస్" అంటే ఆయన చుట్టుపక్కలవాళ్లెవరో. "నాఖ్" అంటే ఆయన బొమ్మకి నకలు. ధర ఈ మాటల మీదే ఆధారపడుతుంది కాబట్టి రసీదు మీద ఏ మాట ఉందో చూసుకోండి. కన్ను తయారవ్వాలంటే బెర్లిన్‌లో ఆల్టె నాట్సియోనాల్‌గాలరీ అనే మ్యూజియానికి వెళ్లి, యాకోబ్ ష్లేసింగర్ 1831లో, తత్వవేత్త హేగెల్ చనిపోయిన ఏడాదే వేసిన హేగెల్ బొమ్మ ముందు పావుగంట నిలబడండి. నెరిసిన జుట్టు, వాలిన కనురెప్పలు, అలసిన చూపు. తత్వవేత్తని పొగడాలని ఎక్కడా ప్రయత్నించలేదు. ఆ తర్వాత సంత బొమ్మని చూస్తే ఎవరు ముఖాన్ని చూసి వేశారో, ఎవరు అలవాటు మీద వేశారో తెలిసిపోతుంది.

పేరు వెతకడం

మనిషి ముఖం మన కుడివైపుకి తిరిగి ఉంటే ఆయన పక్కన భార్య బొమ్మ ఉండే అవకాశం ఎక్కువ. జంట బొమ్మల్లో భర్తని మనకి ఎడమవైపు, భార్యని కుడివైపు, ఇద్దరూ ఒకరివైపు ఒకరు తిరిగినట్టు వేలాడదీసేవాళ్లు. అమ్మిన మనిషిని అడగండి: ఇదే కొలత, ఇదే ఫ్రేమ్‌తో ఆడమనిషి బొమ్మ వచ్చిందా, ఎవరికి అమ్మారు, ఏ ఇంటి నుంచి తెచ్చారు? ఆమె బొమ్మ వెనక ఆయన పేరు ఉండొచ్చు. ఈ ప్రశ్నలు కొన్న రోజే అడగాలి, నెల తర్వాత అడిగితే ఎవరికీ గుర్తుండదు.

ఊరి పేరు తెలిస్తే ఆ ఊరి పాత అడ్రస్ పుస్తకాలు చూడండి. పెద్ద ఊళ్లలో 19వ శతాబ్దం మొదట్లోనే ఇంటి యజమానుల పేర్లు, వృత్తులు అచ్చయ్యాయి, చాలావాటిని లైబ్రరీలు ఆన్‌లైన్‌లో పెట్టాయి. వయసూ బొమ్మ వేసిన సంవత్సరమూ తెలిస్తే పుట్టిన సంవత్సరం వస్తుంది, అక్కడి నుంచి చర్చి పుస్తకాల్లో బాప్తిస్మం, పెళ్లి, మరణం వెతకొచ్చు. వెనక వేలంపాట అంకెలో, రవాణా ముద్రలో, ఎవరి ఇంటిపేరో ఉంటే 1933 నుంచి 1945 మధ్య, అంటే నాజీల పాలనలో, ఆ బొమ్మ ఎవరి దగ్గరుందో తేల్చుకోవడం మీ బాధ్యత. యూదు కుటుంబాల నుంచి లాక్కున్న వస్తువుల్లో ఇలాంటి ఇంటి బొమ్మలూ ఉన్నాయి. మాగ్డెబుర్గ్‌లోని జర్మన్ సాంస్కృతిక నష్టాల కేంద్రం నడిపే లాస్ట్ ఆర్ట్ డేటాబేస్‌లో ఉచితంగా వెతకొచ్చు. కొనకముందే వెతికితే ఇంకా మంచిది.

చేయకూడనివి

కోసిన బంగాళాదుంపతో, ఉల్లిపాయతో, రొట్టె ముక్కతో, సబ్బునీళ్లతో తుడవకండి. ఇవన్నీ ఎవరో ఒకరి అమ్మమ్మ చిట్కాలే, అన్నిటి వల్లా బొమ్మలు పాడయ్యాయి. నీళ్లు పగుళ్లలోంచి కింది పూతలోకి దిగి రంగుని ఎత్తేస్తాయి. మెరుపు కోసం నూనె రాయడం అంతకన్నా చేటు. రంగు గట్టిగా ఉందని నమ్మకం కుదిరితే మెత్తటి పొడి కుంచెతో దుమ్ము దులపండి, అంతవరకే. తెల్లరంగు సీసం కాబట్టి రాలిన పొడిని చేత్తో తాకకండి, పిల్లల్ని దూరంగా ఉంచండి. మిగతాది కాన్వాసు చిత్రాల్ని బాగుచేయడంలో డిగ్రీ చేసిన రెస్టోరర్‌కి వదిలేయండి, ఇచ్చేముందు "వెనక ఉన్నదేదీ పారేయకూడదు" అని కాగితం మీద రాయించుకోండి.

వేలాడదీసేటప్పుడు బయటి గోడ, హీటరు పైభాగం, ఎండ పడే చోటు వద్దు. వెనక మూలలకి చిన్న కార్కు ముక్కలు పెడితే గోడకీ బొమ్మకీ మధ్య గాలి ఆడుతుంది. గాలిలో తేమ 50 శాతం దగ్గర నిలకడగా ఉంటే మేలు. విశాఖలోనో కాకినాడలోనో ఇంటికి తీసుకెళ్లే ఆలోచన ఉంటే ఉప్పుగాలినీ వానాకాలం బూజునీ తట్టుకోగలదా అని రెస్టోరర్‌ని అడిగి కదపండి. ఇంకో విషయం: మన 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్లు దాటిన చిత్రాన్ని వ్యక్తులు దేశం బయటికి పంపడం చెల్లదు. ఒకసారి తెచ్చుకుని మళ్లీ జర్మనీకి పట్టుకెళ్దామంటే చిక్కే, ముందే కనుక్కోండి.

అన్నీ అయ్యాక ఒక కవరు తీసుకోండి. అందులో ఆమ్లం లేని కాగితం మీద పెన్సిల్‌తో రాయండి: ఎక్కడ, ఏ రోజు కొన్నారు, అమ్మినవాళ్లు ఏం చెప్పారు, వెనక రాత అక్షరం అక్షరం ఎలా ఉంది, మీకు ఖాయంగా తెలిసింది ఏది, ఊహ ఏది. మీరు తీసిన ఫొటోల ప్రింట్లు కూడా పెట్టండి. కవరుని కాన్వాసుకి అతికించకుండా, ఫ్రేమ్ వెనక అట్టకి కట్టండి. నా మొదటి బొమ్మ వెనక కవరులో ఆ నీడ పడ్డ ఫొటో ఉంది, దాని కింద "42 ఏళ్లు, పేరు చదవలేకపోయాను, కుడిపక్క మొదటి అక్షరం కె కావచ్చు" అని రాసి పెట్టాను.